ఏడున్నర అంగుళాలూ, ఒక చొక్కా అంచూ

మా ఆయన వెండెల్ ఒక వస్తువు కొనాలనుకున్నాడంటే, అది ఇంటికి వచ్చేలోపు నా తల ప్రాణం తోకకి వస్తుంది. నీళ్ళ పంపు కొనడానికి రెండు వేసవులు పట్టింది. ఆ రెండు వేసవులూ పక్కింట్లో ఉండే మా తమ్ముడు రాయ్స్ దగ్గర్నుంచి బకెట్లతో నీళ్ళు మోసింది నేను. నన్ను పెళ్ళి చేసుకోవడమూ అలాగే జరిగింది. కుక్కపిల్ల కావాలని మా నాన్న పాడి కొట్టానికి వచ్చాడు. ప్రతి ఆదివారం వచ్చి ఒక్కో పిల్లనీ ఎత్తడం, చెవులు చూడడం, కింద పెట్టి వెళ్ళిపోవడం. పిల్లలన్నీ పెరిగి ఎవరెవరో పట్టుకుపోయారు. ఈయన మాత్రం వస్తూనే ఉన్నాడు. చివరికి మా నాన్నే విసిగిపోయి, "అబ్బాయీ, ఇక మిగిలింది మా లొరెట్టా ఒక్కతే, తీసుకెళ్తావా?" అని అడిగాడు. ఆలోచించి చెబుతానన్నాడు.

ఊళ్ళో ఎవర్ని అడిగినా వెండెల్ అంత మంచివాడు లేడంటారు. రోడ్డు మీది మంచు తోసే పంచాయతీ బండి నడుపుతాడు. చలికాలం మేము లేచేసరికి కొండ మీది రోడ్డు నల్లగా శుభ్రంగా కనిపిస్తుంది, అది ఆయన చలవే. మాట తప్పడు, తాగడు, ఎవరి మీదా గొంతు లేపడు. ఆయన మీద ఫిర్యాదు ఉన్నది ఈ లోయ మొత్తానికి నాకొక్కదానికే. ఆయనతో కాపురం చేసేది నేను కాబట్టి అది సహజమే.

పోయిన చలికాలం ఆ బండి మెట్టు మీంచి మంచుగడ్డ మీదికి జారి పడ్డాడు. కుడి భుజం కుదేలైంది. ఆపరేషన్ చేసిన డాక్టర్ ఓపిగ్గా అన్నీ చెప్పాడు. చెయ్యి కదుల్తుంది, బండి నడపొచ్చు, బరువులు చూసుకుని ఎత్తాలి. రైఫిల్ మడమ మాత్రం ఇక జన్మలో ఆ భుజానికి ఆనించకూడదు, ఒక్క తన్ను తన్నిందంటే కుట్టిందంతా ఊడిపోతుంది అన్నాడు. ఎడమ భుజం ఈయనకి పనికిరాదు, ఎడమ కన్ను గురికి కుదరదు. అంతా విని వెండెల్ ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"మరి పొడుగు గొట్టం రివాల్వర్ అయితే?"

"దేనికి?" అన్నాడు డాక్టర్. ఆయన పట్నం మనిషి.

"జింకకి."

డాక్టర్ నా వంక చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మా వైపు నవంబరు చివరి సోమవారం జింకల వేట మొదలు. ఆ రోజు బడులుండవు, రంపపు మిల్లు ఉండదు, పళ్ళ డాక్టరు ఉండడు. మగవాళ్ళంతా కొండమీది క్యాంపులకి పోతారు. మా వాళ్ళ క్యాంపు మా తాతగారి రోజుల్లో చెక్కలతో కట్టింది. ఒక పొయ్యి, రెండంతస్తుల మంచాలు, ఒక గోడ. ఆ గోడ గురించి చెప్పాలి. జింక మీద కాల్చి గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కోసి, పేరూ ఏడాదీ రాసి ఆ గోడకి మేకు కొడతారు. పాస్టర్‌గారిది ఉంది, మా నాన్నవి రెండున్నాయి, మా రాయ్స్‌వి మూడున్నాయి. వెండెల్‌ది ఒక్క పోగు కూడా లేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. అందుకే కత్తెర ఆయన చేతికిచ్చారు. కొయ్యబోయే ముందు ఉపన్యాసం ఇవ్వడం ఆనవాయితీ. ఇంట్లో పది మాటలు మాట్లాడని మనిషి, అక్కడ తప్పినవాడి వంశం మొత్తాన్ని ఉతికి ఆరేస్తాడట. ఆ కత్తెర నాదే. పెళ్ళయిన మరుసటేడు నా కుట్టుపెట్టెలోంచి మాయమైంది.

ఇంకో నియమం కూడా ఉంది. తుపాకి పట్టలేనివాడు వంట చేస్తాడు. ఏళ్ళ తరబడి ఆ పని మెర్ల్ బాబాయి చేశాడు. ఆయన వెండెల్ పడడానికి కాస్త ముందే పోయాడు. ఆయన ఏప్రన్ పొయ్యి పక్క మేకుకి అలాగే వేలాడుతోంది.

వెండెల్ మెడలో చెయ్యి వేలాడేసుకుని ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు రాయ్స్ చూడ్డానికి వచ్చాడు. కాసేపు మంచి మాటలు మాట్లాడి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "బావా, మెర్ల్ బాబాయిదీ నీదీ ఒకటే కొలతలే. ఏప్రన్ కొత్తది కుట్టించక్కర్లేదు."

వెండెల్ నవ్వాడు. వాడు వెళ్ళాక రాత్రి కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు.

నాకు ఒళ్ళు మండింది. "ఏప్రన్ కడితే ఏమవుతుంది? నేను పెళ్ళయినప్పటి నుంచీ కట్టుకునే ఉన్నాను. ఒక్కడైనా అయ్యో అన్నాడా?"

"నీది వేరు."

"ఏం వేరు?"

కంచంలోకి చూస్తూ అన్నాడు. "తెల్లారగట్ల అందరూ తుపాకులు తీసుకుని అడవిలోకి పోతారు. వంటవాడు గుమ్మం దాకా వచ్చి సాగనంపి, తలుపేసుకుని లోపలుంటాడు. నేను ఆ తలుపు వేసుకోలేను లొరెట్టా."

ఇంత పొడుగు మాట ఆయన నోట వచ్చిందంటే అది ఎంత లోతులోంచి వచ్చిందో నాకు తెలుసు. ఆ పూటకి నా నోరు మూసుకున్నాను. ఆ పూటకే.

మర్నాడు పొద్దున చీపురు కోసం చూస్తే చీపురుంది, కర్ర లేదు. వంటింటి బల్ల మీద నాలుగు ముక్కలై ఉంది. ఆరు అంగుళాలది ఒకటి, ఏడున్నరది ఒకటి, ఎనిమిది పైచిలుకుది ఒకటి, పదిన్నరది ఒకటి. ఒక్కోదాని కొనకి చేపల గాలానికి కట్టే సీసం గుళ్ళు కట్టాడు, గొట్టం బరువు తెలియడానికట. ఒక్కోటీ ఎడంచేత్తో చాచి పట్టుకుని మా ఫ్రిజ్ మీద అయస్కాంతపు కోడిపిల్లకి గురి పెడుతున్నాడు.

"ఇంకో చీపురుంటే ఇస్తావా? ఎనిమిది పైచిలుకులో తేడా వచ్చింది" అన్నాడు.

ఇవ్వలేదు. సాయంత్రానికి మంచు పార కర్ర కూడా పొట్టిదైంది.

తర్వాత ఎమెట్ కొట్టు మొదలైంది. ఎమెట్ తుపాకులతోపాటు ఎరలూ, బూటు తాళ్ళూ, ఊరి కబుర్లూ అమ్ముతాడు. ఆఖరిదానికి డబ్బు తీసుకోడు. పొద్దున్నుంచీ కాఫీ గ్లాసులు పట్టుకుని అద్దాల బల్లకి ఆనుకుని ఉండే పెద్దమనుషులు ముగ్గురున్నారు. వెండెల్ నోరు తెరిచేలోపే ముగ్గురూ తెరిచారు.

"ఆరంగుళాలు చాలు. నడుముకి కట్టుకుంటే ఉందని కూడా తెలీదు."

"ఆరంగుళాల్తో పాల డబ్బాలు కొట్టుకోవాలి. జింకకైతే ఎనిమిది పైన ఉండాలయ్యా. ముందు గురికీ వెనక గురికీ మధ్య ఎంత ఎడముంటే, చెయ్యి వణికితే అంత బాగా తెలుస్తుంది."

"అలా అయితే ఏకంగా పదిన్నర తీసుకో. ముక్కు బరువుంటే తన్నడం తగ్గుతుంది, భుజానికి హాయి."

ఈ ముగ్గురిలో ఒక్కడూ పుట్టి బుద్ధెరిగాక రివాల్వర్‌తో జింకని కొట్టినవాడు కాదు. ఆ సంగతి నేను బయట ట్రక్కులో కూర్చుని కూడా చెప్పగలను.

కొట్టులో తుపాకి చూసే పద్ధతి ఒకటుంది మావాళ్ళకి. ఎమెట్ గుళ్ళ చక్రం తెరిచి, ఖాళీ అని చూపించి చేతికిస్తాడు. తీసుకున్నవాడు నిటారుగా నిలబడి, పొట్ట లోపలికి పీల్చి, చెయ్యి బారుగా చాచి, ఒక కన్ను మూసి గోడ మీది కొయ్య బాతుకి గురి పెడతాడు. చూసేవాళ్ళుంటే ఊపిరి కూడా బిగబడతాడు. చెయ్యి వణకడం మొదలయ్యేలోపే దించేసి, "బాగుంది" అంటాడు. మా తాత అలాగే చూశాడు, మా నాన్న అలాగే చూశాడు, వెండెల్ కూడా వేసవంతా అలాగే చూశాడు. బాగాలేని చెయ్యిని ఎడంచేత్తో కింద నుంచి ఆనించి మరీ చూశాడు.

ముందు పదిన్నర తెచ్చాడు. చూడ్డానికి బొమ్మలా ఉంది, ఒప్పుకుంటాను. పెట్టడానికే చోటు లేదు. ట్రక్కులో సీటు బెల్టు పెట్టుకుంటే పక్కటెముకల్లో పొడుస్తోంది. ఇసుక గుంట దగ్గరికి తీసుకెళ్తే, ఒంటి చేత్తో గేటు తియ్యలేడు కాబట్టి నేనూ వెళ్ళాను. చెవులకి మూతలు పెట్టుకుని వెనకాల నిలబడ్డాను. నలభై గజాల అవతల చెక్కకి నా కాగితం కంచం ఒకటి గుచ్చాడు. క్యాంపులో పరీక్ష అదే. ఐదు గుళ్ళూ కంచంలో పడితేనే తుపాకి పట్టనిస్తారు. గొట్టం ముక్కు బరువుకి ఆయన చెయ్యి మెల్లిగా కిందికి దిగుతూనే ఉంది. ఐదు గుళ్ళూ ఇసుకలోనే పడ్డాయి. కంచం తెల్లగా చూస్తూ ఉంది.

"గొట్టం ఎక్కువైంది" అన్నాడు.

ఆరంగుళాలది తెచ్చాడు. అది పేలితే ముక్కు ఆకాశంలోకి లేస్తోంది, ఆ చప్పుడుకి నేను చెవుల మూతల మీద చేతులు కూడా పెట్టుకున్నాను. రెండు గుళ్ళయ్యాక మీట నొక్కకముందే ఆయన కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టాడు. "గొట్టం తక్కువైంది" అన్నాడు. ఎనిమిది పైచిలుకుది తెచ్చాడు. మార్చిన ప్రతిసారీ ఎమెట్ కాగితాలన్నీ మళ్ళీ మొదట్నుంచి రాసుకోవాలి. ఎనిమిది పైచిలుకు కూడా ఎక్కువే అని మూడోసారి వెళ్ళినప్పుడు, ఎమెట్ కలం బల్ల మీద పడేశాడు.

"వెండెల్, నేను ముసలాణ్ణి అవుతున్నానయ్యా. ఏదో ఒకటి ఉంచుకో."

ఆడలేక మద్దెల ఓడు అంటారే, అచ్చం అదే వరస. ఆ రోజు నేను జాడీ మూతల కోసం ఊళ్ళోకి వచ్చి, ట్రక్కులో కూర్చుని కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కి లోపలికి వచ్చాను. వచ్చేసరికి మళ్ళీ నిటారుగా నిలబడి కొయ్య బాతుకి గురి పెట్టి ఉన్నాడు. చెయ్యి వణుకుతోంది. ముగ్గురు పెద్దమనుషులూ వణకనట్టు నటిస్తూ చూస్తున్నారు. ఇక నా వల్ల కాలేదు.

"ఒక మాట చెప్పు. అడవిలో జింక కోసం కాపు కాసేటప్పుడు నిలబడతావా, కూర్చుంటావా?"

"కూర్చుంటా."

"దేని మీద?"

"బకెట్ బోర్లించుకుని."

"మరి ఇక్కడ నిలబడి ఎవరికి గురి పెడుతున్నావు? ఆ కొయ్య బాతుకా, ఈ ముగ్గురికా?"

మూలనున్న పొద్దుతిరుగుడు గింజల బకెట్ నేనే ఖాళీ చేసి, బోర్లించి, ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. వెండెల్ దాని వంక చూశాడు, నా వంక చూశాడు, కూర్చున్నాడు. మోచేతులు రెండూ మోకాళ్ళ మీద ఆనించాడు. ఎమెట్ ఒక్కోటే అందించాడు. పదిన్నర ముక్కు బూట్ల మీదికి వాలింది. ఎనిమిది పైచిలుకుదీ వాలింది, కాస్త ఆలస్యంగా. ఆరు గాలిలో తేలింది. ఎవరూ చెప్పని ఏడున్నర అలమర కింది అరలో ఉంది, ఎవరిదో పాతది. దాన్ని పట్టుకుని చాలాసేపు కదల్లేదు. దించాడు. మళ్ళీ ఎత్తాడు. గొట్టం కూడా కదల్లేదు.

"ఇది" అన్నాడు.

ఆ మాట అంత ఖాయంగా ఆయన నోట నేను విన్నది అంతకు ముందు ఒక్కసారే, ఆఖరికి నన్ను చూసి, మా నాన్న పాడి కొట్టంలో.

అక్కడితో నా కష్టాలు తీరాయనుకుంటే నాదే తెలివితక్కువ. అక్టోబరంతా రోజూ సాయంత్రం ఇసుక గుంట దగ్గరే. కాగితం కంచాలు ఎన్ని తెచ్చినా మాయమవుతున్నాయి. తగలనివి మంచివే కదా అని తిరిగి కట్టలో పెట్టేవాడట. తగలలేదని ఈయన అనుకున్నవాటిలో కొన్నింటికి గుండు అంచు దగ్గర చిల్లు పెట్టేసింది. కృతజ్ఞతల పండగ రోజు ఇంటినిండా చుట్టాలు. పాస్టర్‌గారి భార్య టర్కీ కూరా, ఆలుగడ్డ ముద్దా వేసుకుని, పైన పులుసు పోసుకుని కూర్చుంది. పులుసంతా కన్నంలోంచి ఆవిడ నీలం పావడా మీదికి కారింది. వెండెల్ తల వంచి కంచం అడుగు చూశాడు. "నలభై గజాలది" అని మెల్లిగా నాతో చెప్పాడు, గర్వంగా. ఆవిడ మొహం చూడలేక వంటింట్లోకి పారిపోయాను.

ఆదివారం ఆయన దుప్పట్లూ, నా యాపిల్ రొట్టెలూ దింపడానికి క్యాంపుకి వెళ్ళాను. పరీక్ష అప్పుడే జరుగుతోంది. వెండెల్ బకెట్ మీద కూర్చున్నాడు. అంతకు ముందు రోజు పుట్టినరోజుకి నేనిచ్చిన ఎరుపూ నలుపూ గళ్ళ ఉన్ని చొక్కా వేసుకున్నాడు. మంచి చొక్కా క్యాంపుకి వద్దని ఎంత మొత్తుకున్నా, "నాది ఎవరూ కొయ్యరులే" అన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

నాలుగు గుళ్ళు కంచంలో పడ్డాయి. ఐదోది ముడతల అంచున చీల్చుకుపోయింది. రాయ్స్ వెళ్ళి చూసొచ్చాడు.

"అయిపోయింది బావా, పాసయ్యావు. రొట్టె అంచు కూడా రొట్టేగా."

అందరూ తలలూపారు. వెండెల్ మాత్రం లేవలేదు. పోయినేడు ఇదే అంచున పడ్డ రాయ్స్ గుండు లెక్కలోకి రాదని, మళ్ళీ ఐదూ కాల్పించింది ఈయనే.

"కొత్త కంచం పెట్టు" అన్నాడు.

"ఎందుకు బావా, చెయ్యి నొప్పెడుతుంది."

"పెట్టమన్నానా."

పెట్టారు. ఐదూ లోపలే పడ్డాయి, ఆఖరిది నడిమధ్యన. నేను యాపిల్ రొట్టెలు పట్టుకుని నిలబడే ఉన్నాను, ఒకటి మంచులో పడిందని కూడా తర్వాతే చూసుకున్నాను. ఏప్రన్ మేకుకే ఉంది. వంట వంతులవారీగా చేసుకుందామనుకున్నారు. మర్నాడు తెల్లారగట్ల అందరితో పాటు తలుపు దాటి వెళ్ళాడని తెలిసి, ఇక ఈ గోల తీరిందని హాయిగా నిద్రపోయాను.

వేట మొదలైన మొదటి శనివారం సాయంత్రం ఆడవాళ్ళం వంటకాలు మోసుకుని క్యాంపుకి భోజనానికి వెళ్ళడం రివాజు. పంది మాంసం, పుల్ల క్యాబేజీ, నూడుల్స్. లోపలికి అడుగు పెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. ఎవరూ ఎవర్నీ ఏడిపించడం లేదు. అందరూ వెండెల్‌తో జబ్బు మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. పులుసు గిన్నె ముందు ఆయనకే అందించారు. "ఇంకాస్త వేసుకో వెండెల్" అన్నాడొకడు. రాయ్స్ ఒక్క మాట జారలేదు. ఆయన తల ఎత్తకుండా తిని లేచాడు. పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే మేకుకున్న ఏప్రన్ తీసి కట్టుకుని గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు. అది చూసి నేను కంచం పక్కన పెట్టేశాను.

రాయ్స్‌ని మూలకి లాగాను. "ఏం జరిగింది?"

వాడు గొంతు తగ్గించాడు. గురువారం మిగతావాళ్ళు పొదల్లోంచి జింకల్ని తోలుకొచ్చారట. కొమ్ములకి ఎనిమిది మొనలున్న మగ జింక సరిగ్గా వెండెల్ ముందుకే వచ్చి, ముప్ఫై గజాల్లో ఆగింది. గొట్టం కొన ఎదురుగా ఉన్న హెమ్లాక్ చెట్టు కొమ్మకి తగిలింది. పక్కకి జరిపి కాల్చేసరికి గుండు మేపుల్ చెట్టుకి పోయింది. మంచులో అడుగుల వెంట చీకటి పడేదాకా వెతికారు. నెత్తురు చుక్క లేదు, వెంట్రుక లేదు. శుభ్రంగా తప్పింది.

గోడ వంక చూశాను. కొత్త గుడ్డముక్క లేదు.

"మరి కొయ్యలేదేం?"

"పాపం అక్కా, చెయ్యి బాగోలేని మనిషి..."

"ఇంకోసారి పాపం అన్నావంటే కత్తెర నీ మీదే వాడతాను."

గొంతు తగ్గించడం మా అమ్మ నాకు నేర్పలేదు. క్యాంపంతా ఇటు తిరిగింది. గోడ మేకులకున్న కోట్లలో వెండెల్ కోటు వెతికి, జేబులోంచి నా కత్తెర తీశాను. ఎన్నో ఏళ్ళ తర్వాత దాన్ని చేతిలో పట్టుకోవడం. తీసుకెళ్ళి రాయ్స్ చేతిలో పెట్టాను.

"ఒరేయ్, ఆ గోడ మీద నీవి ఎన్నున్నాయి?"

"మూడు."

"మీ ఆవిడ పురిట్లో ఉంది, నిద్రలేదు, కళ్ళు తిరిగాయి అని మొత్తుకున్నావు. నీకు పాపం అన్నాడా?"

"లేదు."

"కోశాడా?"

"కోశాడు."

"ఉపన్యాసం?"

"అరగంట" అన్నాడు వాడు. బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

"గురి తప్పడం తప్పు కాదన్నది మీరే. గోడ మీద పాస్టర్‌గారున్నారు, మా నాన్న ఉన్నాడు. వేటగాడన్నవాడి చొక్కా కోస్తారు. వంటవాడి చొక్కా కొయ్యరు. ఈయన ఏడాది పొడుగునా నా ప్రాణం తీసింది ఈ గదిలో మీరు జాలి పడతారని కాదు. నా చీపుర్లన్నీ పోయాయి, కంచాలు పోయాయి, పాస్టరమ్మగారి పావడా పోయింది. కనీసం ఆ చొక్కా అయినా సరిగ్గా పోనివ్వండి."

ఏడుపొచ్చిందని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

పొయ్యి దగ్గర నీళ్ళ చప్పుడు ఆగింది. వెండెల్ చేతులు తుడుచుకున్నాడు. ఏప్రన్ ముడి విప్పి తిరిగి మేకుకి తగిలించాడు. నడిచొచ్చి రాయ్స్‌కి వీపు తిప్పి నిలబడ్డాడు.

"ముందు ఉపన్యాసం. అది లేకుండా కొయ్యకూడదు."

రాయ్స్ గొంతు సవరించుకున్నాడు. మొదటి మాట సరిగ్గా రాలేదు. రెండోది వచ్చింది. "పెద్దలారా, ఈ మనిషి గొట్టం పొడుగు కొలవడానికి ఏడాది తీసుకున్నాడు. ఎమెట్ చేత కలం పారేయించాడు. మా అక్క చీపుర్లన్నీ ముక్కలు చేశాడు. ఆఖరికి ఎదురుగా నిలబడ్డ జింకని వదిలేసి, ఏ పాపమూ ఎరగని మేపుల్ చెట్టుని కొట్టాడు. బావా, ఆ చెట్టుని వండుకుందామంటావా, గోడకి తగిలిద్దామంటావా?"

క్యాంపు కప్పు లేచిపోయింది. ఆ నవ్వులోనే కత్తెర చప్పుడైంది. నేను పుట్టినరోజుకి కొన్న ఉన్ని చొక్కా వెనక అంచు రాయ్స్ చేతిలోకి వచ్చింది.

వెండెల్ తల తిప్పి చూసుకున్నాడు. "వంకరగా కోశావు."

"నీ గురికన్నా తిన్నగానే ఉందిలే బావా."

వెండెల్ నవ్వాడు. భుజం పట్టుకుని, నొప్పెడుతోందంటూనే నవ్వాడు. అలా నవ్వగా నేను చూసి ఎన్నాళ్ళైందో. పేరు ఆయనే రాశాడు. మేకు రాయ్స్ కొట్టాడు, వాడి మూడు ముక్కల పక్కనే.

ఆదివారం వేట ఉండదు కాబట్టి ఇంటికి తీసుకొచ్చాను. ట్రక్కు నేనే నడిపాను. కొండ దిగుతుంటే ఆయన సీట్లో అటూ ఇటూ కదిలాడు.

"వెనకాల చలేస్తోంది" అన్నాడు.

"వెయ్యదూ మరి."

ఇంకాస్త దూరం పోయాక మళ్ళీ అన్నాడు. "లొరెట్టా, గొట్టం అంగుళమున్నర తక్కువుండుంటే ఆ కొమ్మకి తగిలేది కాదు."

అంగుళమున్నర తక్కువంటే ఆరంగుళాలు. మొదట్లో ఆకాశంలోకి లేచిందని తిప్పి పంపించినదే. నేను స్టీరింగ్ గట్టిగా పట్టుకుని రోడ్డు వంక చూశాను. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క చీపురు ఎక్కడ దాచాలా అని ఆలోచించాను.

సోమవారం తెల్లవారకముందే క్యాంపు దగ్గర దింపాను. పెట్టెలో మంచి చొక్కాలు రెండున్నాయి, ఒకటి వేసుకోమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వినలేదు. అందరూ తలుపు తీసుకుని బయటికి వచ్చి చెట్లలోకి నడుస్తుంటే, బకెట్ పట్టుకుని ఆయనా వాళ్ళతో కలిశాడు. కోటు కింద నుంచి కోసిన చొక్కా పోగులు వేలాడుతున్నాయి.